ఆర్‌డీ 350 ఎడమ సీలు, ఆర్‌ఎక్స్ 100 కాయిదాలు

పాత యమహా టూ స్ట్రోక్ బండి ఒకటి కొని పెట్టుకుందామనుకునేవాళ్లు నల్లగొండ, పాలమూరు వైపు ఈమధ్య బాగా పెరిగారు. అందరూ అడిగేది ఒక్కటే: నడిపితే సంబురం ఉండాలి, రేపు అమ్మితే పెట్టిన పైసలు పోవద్దు, మరి రాజ్‌దూత్ ఆర్‌డీ 350 కొనాలా, ఆర్‌ఎక్స్ 100 కొనాలా? నా షెడ్డులో రెండూ ఉన్నాయి. 1987 ఎల్‌టీ (లో టార్క్) మోడల్ ఆర్‌డీ తొమ్మిదేళ్లుగా, 1992 ఆర్‌ఎక్స్ పద్నాలుగేళ్లుగా నడుస్తున్నాయి. సీసీలు, హార్స్‌పవర్లు అందరికీ నోటికొచ్చినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఆర్‌డీ ఎందుకు కొంటారో ముందు చెప్పాలి. మిర్యాలగూడ దాటి అద్దంకి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేరులో రేజ్ ఇవ్వండి. ఐదున్నర వేల ఆర్‌పీఎం దాకా అది మామూలు బండే. అక్కడ దాటగానే రెండు సైలెన్సర్ల చప్పుడూ ఒక్కటైపోతుంది, హ్యాండిల్ చేతుల్లో తేలికవుతుంది. ఏడున్నర వేల దాకా ఆ గుంజుడు ఆగదు. ఆరు గేర్లున్నాయి కాబట్టి ముల్లును ఆ రెండు వేల మధ్యనే ఆడించవచ్చు. దానికోసమే ఈ బండిని ఇన్నేళ్లు వదల్లేదు. ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకే, జపాన్‌లో చేసిన అసలు ఆర్‌డీకిచ్చిన డిస్కు మనకు ఇవ్వలేదు. ఆ వేగంలో ఎదురుగా బర్రె వస్తే దాన్ని ఎంత ముందు చూశారన్నదే లెక్క.

నా కోపమంతా ఎడమ వైపు క్రాంక్ సీలు మీద, అంటే ఇంజిన్ షాఫ్టు చివర గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు మీద. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్ గదిలోకి వచ్చి ఆ తర్వాతే సిలిండర్లోకి పోతాయి. అందుకే ఆ గదికి గాలి చొరబడే సందు ఉండకూడదు. ఆర్‌డీలో కుడి పక్క క్లచ్చు, ఎడమ పక్క ఆల్టర్నేటర్ ఉంటాయి. కుడి సీలు పోతే ఇంజిన్ గేరు ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ తెల్లటి పొగ కక్కుతుంది, ఆయిల్ మట్టం దిగుతుంది. చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఎడమ సీలు పోతే మాత్రం పొగ ఉండదు, చప్పుడు ఉండదు. బయటి గాలి లోపలికి పోయి పెట్రోలు పాలు తగ్గుతుంది, పిస్టన్ కాలుతుంది. బండి ఆ రోజు మామూలుకన్నా చురుగ్గా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది.

మే నెలలో కొండమల్లేపల్లి దాటి దేవరకొండ వైపు, 80 వేగంలో, ఐదో గేరులో ఎడమ సిలిండర్ పట్టేసింది, అంటే పిస్టన్ లోపలే బిగుసుకుంది. వెంటనే క్లచ్చు పట్టడంతో బండి పడలేదు. ఇరవై నిమిషాలు చల్లారాక కిక్కు కదిలింది. షాపులో విప్పితే పిస్టన్‌కు సైలెన్సర్ వైపు గీరలు పడి ఉన్నాయి. మెకానిక్ చెప్పిన కారణం ఆయిల్ సరిపోలేదని. ఆయిల్ పంపు కేబుల్ బిగించి ధార పెంచాడు, సిలిండర్‌ను తొలిపించి (బోర్ చేయించి) 0.25 మి.మీ. పెద్దదైన ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి ఇచ్చాడు.

తప్పు అక్కడే జరిగింది. పంపు పుల్లీ మీది గుర్తు పిన్నుకు ఎదురుగా ఉందో లేదో చూడకుండా ధార పెంచడం వైద్యం కాదు. ముఖ్యంగా ట్యాంకులో ఆయిల్ కలిపి నడిపే బండ్లవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కార్బ్యురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే జెట్టు రంధ్రం మారదు, అందులో ఆయిల్ పాలు పెరిగిందంటే పెట్రోలు పాలు తగ్గినట్టే. వేడి తగ్గించాలని ఆయిల్ పెంచితే మిశ్రమంలో పెట్రోలు ఇంకా తగ్గుతుంది.

మూడు వందల కిలోమీటర్లకే అదే సిలిండర్ మళ్లీ పట్టేసింది. రెండోసారి విప్పకముందే గుర్తులన్నీ కనిపించాయి. ఇంజిన్ వేడెక్కాక పన్నెండు వందల దగ్గర ఉండాల్సిన ఐడిలింగ్ తనంతట తానే రెండున్నర వేలకు ఎక్కేది. రేజ్ వదిలినా చప్పుడు వెంటనే దిగేది కాదు. కుడి ప్లగ్గు మూతి టీ రంగులో ఉంటే ఎడమది సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ప్లగ్గుకు స్పార్క్ ఇప్పించే పాయింట్ల టైమింగ్ ముందుకు జరిగినా పిస్టన్ కాలుతుంది కాబట్టి దాన్ని డయల్ గేజ్ పెట్టి చూశాం. రెండు సిలిండర్లకూ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకు) 2.0 మి.మీ. ముందు సరిగ్గానే ఉంది. అంటే కారణం చొరబడుతున్న గాలే.

గాలి పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. సైలెన్సర్లు విప్పి ఆ రంధ్రాలను సైకిలు ట్యూబు ముక్క, రేకు, బోల్టులతో మూయాలి. కార్బ్యురేటర్ తీసేసి రబ్బరు మూతిలో బిరడా కొట్టాలి. పరీక్షించే సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి, ప్లగ్గు రంధ్రానికి అమర్చిన గొట్టం నుంచి సైకిలు పంపుతో 6 పీఎస్‌ఐ గాలి కొట్టాలి. ఆరు నిమిషాలు గేజు ముల్లు నిలబడాలి. పది దాటనివ్వద్దు, మంచి సీలు కూడా తన్నుకొస్తుంది. ఈ బండిలో కుడి వైపు నిలిచింది, ఎడమ వైపు నిమిషంలోపే సున్నాకొచ్చింది. ఆల్టర్నేటర్ రోటర్ తీసి సబ్బు నీళ్లు చల్లితే సీలు అంచున బుడగలు లేచాయి.

కారణం వయసు ఒక్కటే కాదు. ఆర్‌డీ క్రాంక్ కేసు పై ముక్క, కింది ముక్కగా విడిపోతుంది. సీలుకు చుట్టూ ఒక గట్టు ఉంటుంది, అది కేసులోని గాడిలో కూర్చుంటుంది. అసలు సీలు వేయాలంటే ఇంజిన్ దింపి కేసు విప్పాలి. ఆ పని తప్పించుకోవడానికి గట్టు లేని డూప్లికేట్ సీలును బయటి నుంచి కొట్టి కూర్చోబెడతారు. ఇందులో ఎవరో ఎప్పుడో వేసింది అదే. ఎండకాలపు వేడికి రబ్బరు బిగిసి అంచు లేచింది. చివరికి కేసు విప్పించి, గట్టున్న సీళ్లు రెండు వైపులా వేయించి, ఎలాగూ క్రాంక్ బయటికొచ్చింది కాబట్టి మధ్య సీలు, నాలుగు మెయిన్ బేరింగులు కూడా మార్పించడమైంది. మధ్య సీలు క్రాంక్‌ను ప్రెస్ మీద విడదీస్తే గానీ రాదు. ఆ పని తెలిసిన లేత్ నల్లగొండలో దొరకలేదు, హైదరాబాద్ పంపాల్సి వచ్చింది. ఖర్చు 45 వేలు దాటింది.

ఖర్చు కన్నా బాధ బోరుది. 64 మి.మీ. స్టాండర్డ్ బోరుకు 0.25 చొప్పున 1.00 దాకా నాలుగు మెట్లే ఉంటాయి. ఒక్క సీలు కోసం రెండు మెట్లు పోయాయి. ఆర్‌డీ కొనేవాళ్లు పెయింట్, క్రోమ్ చూస్తారు. అసలు అడగాల్సింది బ్లాకు ఎన్నో ఓవర్‌సైజ్‌లో ఉందని, ఎడమ సీలు ఎలా వేశారని. గాలి పరీక్షకు ఒప్పుకోని బండిని ఎంత మెరిసినా వదిలేయండి.

ఆర్‌ఎక్స్ 100 ఈ విషయంలో చాలా నయం. మ్యాగ్నెట్ పుల్లర్‌తో తీస్తే ఎడమ సీలు బయటి నుంచే వస్తుంది, ఏ ఊళ్లోనైనా పూట పని. పాయింట్లు లేవు, వాటి బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. అది ఇచ్చిన ఆశ్చర్యం కూడా చెప్పాలి. ఒక వానాకాలమంతా నాలుగు నెలలు కదలకుండా ఉన్నాక, కార్బ్యురేటర్ గిన్నెలో పాత పెట్రోలు వంపేసి, ప్లగ్గు తుడిచి పెడితే మూడో కిక్కుకు లేచింది. ఆర్‌డీని అలా నిలబెడితే పాయింట్లు తుడవాలి, రెండు కార్బ్యురేటర్లూ విప్పి కడిగి, స్లైడులు ఒకేసారి లేచేలా కేబుళ్లు సరిచేయాలి. ఒక ఆదివారం పోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి ఈ గిన్నె వంపడం రెండు బండ్లకూ తప్పదు. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరుతుంది. పది రోజులకు మించి నిలబెట్టేటట్టయితే కాక్ మూసి గిన్నె ఖాళీ చేయండి. పెట్రోలు పైపు, గిన్నె గాస్కెట్ రెండేళ్లకోసారి మార్చండి. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, అంటే అదే జెట్టుతో గాలి ఎక్కువై మిశ్రమం పలచబడినట్టే. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, పది కిలోమీటర్లు నడిపి ప్లగ్గు రంగు చూడండి.

ఆర్‌ఎక్స్‌ను దేనికైనా తట్టుకునే బండి అని ఇంతకుముందు చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. ఎండకాలం 65వ నంబర్ హైవే మీద నార్కెట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా రేజ్ మొత్తం తిప్పి పట్టుకుంటే ఆ 98 సీసీ బ్లాకుకు చాలా ఎక్కువ. మధ్యలో ఆపాలి. ఇంకొకటి, చాలా ఆర్‌ఎక్స్‌లకు ఆయిల్ పంపు పీకేసి పెట్రోల్లో ఆయిల్ కలిపి నడుపుతున్నారు. అలాంటి బండితో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు రేజ్ పూర్తిగా మూసి గేరులో వదిలేస్తే, ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది కానీ పెట్రోలు రాదు, దాంతో ఆయిల్ కూడా రాదు. దిగుతున్నంతసేపూ అప్పుడప్పుడు క్లచ్చు పట్టి రేజ్ ఇస్తూ ఉండాలి. పంపు మళ్లీ పెట్టించుకుంటే ఇంకా మంచిది, అయితే మొదటిసారి పైపులో గాలి బుడగ లేకుండా బ్లీడ్ స్క్రూ విప్పి తీయించండి.

ఇక పెట్టుబడి సంగతి. ఆర్‌ఎక్స్ ఎప్పుడైనా వారంలో అమ్ముడుపోతుంది, అది నిజం. కానీ 1996లో ఆగిపోయిన బండి పేరుతో తర్వాతి 135 మోడళ్ల భాగాలు తగిలించి అమ్మేవి మార్కెట్లో మస్తు ఉన్నాయి. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ 1ఎల్1 తో మొదలవ్వాలి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ లోహం నున్నగా అరిగి ఉంటే పైసలు ఇవ్వకండి. ఏపీ 24, ఏపీ 22 పాత నంబర్లున్న బండ్లకు ఆర్‌సీ గడువు చూడాలి. మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, దాంతో పాటు గ్రీన్ ట్యాక్స్. మధ్యలో రెండు విడతలు తప్పిన బండి చవగ్గా దొరికినా ఆఫీసు చుట్టూ తిరుగుడే ఎక్కువ. ఓనర్ చనిపోయి పేరు మారని బండ్లు ఊళ్లల్లో చాలా ఉన్నాయి, వారసుల సంతకాలు లేకుండా ముట్టుకోకండి.

ఆర్‌డీలో నకిలీ తక్కువ, కొనేవాళ్లూ తక్కువే. సరైన మనిషి దొరికే దాకా నెలలు ఆగాలి, దొరికితే రేటు మాత్రం ఆర్‌ఎక్స్‌కు అందనంత వస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకే. 1983లో వచ్చిన మొదటి ఆర్‌డీలకు అది 2033లో అందుతుంది. అలా రిజిస్టర్ చేయిస్తే మామూలుగా రోజూ రోడ్డు మీద తిప్పడానికి ఉండదు. పెద్ద మార్పులుంటే ఆ నిబంధన అందదు కాబట్టి, డిస్కు బ్రేకు పెట్టించుకున్నా పాత డ్రమ్ము చక్రం, సైలెన్సర్లు, మీటర్లు అమ్మకుండా గోనెలో కట్టి దాచుకోండి.

నాకు షెడ్డు ఉంది, పనిముట్లు ఉన్నాయి, బండి ఆర్నెల్లు లేకపోయినా పని ఆగదు. అందుకే రెండిటిలో ఒకదాన్ని అమ్మాల్సి వస్తే ఆర్‌ఎక్స్ పోతుంది. ఒక్క బండే ఉంచుకోగలిగి, దగ్గర్లో లేత్ లేక, పిల్లల ఫీజుకు ఎప్పుడైనా అమ్మాల్సి రావచ్చనుకునేవాళ్లకు మాత్రం నంబర్లు కలిసిన ఆర్‌ఎక్సే చెప్తాను. ఆర్‌డీయే కావాలంటే బండి రేటు మీద ఇంకో యాభై వేలు పక్కన పెట్టుకుని, తెచ్చిన వారంలోనే గాలి పరీక్ష చేయించండి.