పండగ అలంకరణకు బతికున్న మొక్కలు: ఏది మేలు?

కోసిన కొమ్మలు, పూలతో చేసిన అలంకరణ నాలుగు రోజులకే వాడిపోతుంది. అదే వేళ్లున్న మొక్కలతో చేస్తే పండగయ్యాక కూడా పెంచుకోవచ్చు. సక్యులెంట్ల (ఆకుల్లో నీరు దాచుకునే మందపాటి మొక్కల) గుండ్రటి దండ, కుండీలో క్రిస్మస్ చెట్టులా కనిపించే అరకేరియా, ఎర్రటి పాయిన్‌సెట్టియా: ఈ మూడింట్లో ఏది తీసుకోవాలో తేల్చుకునే ముందు పండగకి ఇంకా ఎన్ని వారాలుందో చూసుకోండి.

నెలన్నర టైమ్ ఉంటే మాత్రం నా ఓటు సక్యులెంట్ల దండకే. గుండ్రటి లోహపు తీగ చట్రంలో తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే ఎండు నాచు) కూరి, సన్న తీగతో గట్టిగా చుట్టాలి. ఎచెవేరియా, సీడమ్ లాంటి సక్యులెంట్లను అంగుళం కాడ ఉండేలా కోసి, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టాలి. ఇది మాత్రం వదిలేయొద్దు. కోసిన చోట ఎండి పొర కట్టకముందే తడి మాస్‌లో పెడితే కాడ కుళ్లిపోతుంది. ఆరాక పెన్సిల్‌తో చిన్న రంధ్రం చేసి, కాడ గుచ్చి, హెయిర్‌పిన్ లాంటి వంచిన తీగతో బిగించాలి. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నేలమీద పరిచే ఉంచాలి. మెల్లగా లాగితే ఊడిరాకుండా మొక్క పట్టుకుని ఉందంటే వేళ్లు దిగినట్టే. అప్పుడే గోడకు తగిలించాలి. మాస్ పూర్తిగా ఎండినప్పుడు కిందికి దించి, పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టి, బాగా ఓడ్చి మళ్లీ పెడితే చాలు. వెలుతురు లేని గదిలో మాత్రం కాడలు సాగి అందం పోతుంది.

అంత టైమ్ లేనివాళ్లకు అరకేరియా నయం. పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి దీని సొంత ఊరు. అంతస్తులుగా వచ్చే కొమ్మల వల్ల ఏమీ కట్టకపోయినా పండగ కళ ఉంటుంది. కొమ్మలు మెత్తన కాబట్టి బరువైనవి వేలాడదీస్తే వంగిపోతాయి. కాగితం నక్షత్రాలు, సన్న రిబ్బన్లు చాలు. పొట్టిగా ఉంచాలని కొస తుంచితే మళ్లీ ఆ ఆకారం రాదు. ఎండిపోయిన కింది కొమ్మల చోట కొత్తవి పుట్టవు.

పాయిన్‌సెట్టియా కొన్న రోజే గదిని నింపేస్తుంది. మనం పూరేకులనుకునే ఆ ఎరుపంతా ఆకులే. మరుసటి ఏడు మళ్లీ ఎరుపెక్కాలంటే ఎనిమిది నుంచి పది వారాలు, రోజూ 14 గంటలు పూర్తి చీకటి ఉండాలి. రాత్రి ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో అది కుదరదు. అందుకే ఏడాదంతా ఓపిగ్గా చూసుకోగలిగితేనే ఇది మంచి ఎంపిక. కొనేటప్పుడు కుండీకి చుట్టిన మెరుపు కాగితం అడుగున చిల్లు పెట్టండి, లేకపోతే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

మూడింటికీ దీపాలు పెట్టేటట్టయితే ఎల్‌ఈడీలే పెట్టండి. పాత బల్బుల వేడికి ఆకులు ఎండిపోతాయి. రంగు స్ప్రేలు మాత్రం వద్దు. వాటితో ఆకులకు వెలుతురు, గాలి రెండూ అందవు.