డీటీపీ కేంద్రంలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కంప్రెషన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి దగ్గరలో మేము నడుపుతున్న డీటీపీ కేంద్రంలో సిద్ధాంత గ్రంథాలు, పెళ్లి పత్రికలు, స్కాన్ చేసిన పాత పుస్తకాలు అన్నీ ఒకే లినక్స్ సర్వరులో పేరుకుంటాయి. ఆ డిస్కుల మీద కొన్నేళ్లుగా, ఫైళ్లను అమర్చిపెట్టే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్‌తో (డేటాను కుదించి రాసే పద్ధతితో) వాడుతున్నాను. 2017లో లినక్స్ కెర్నల్ (దాని మూల ప్రోగ్రాం) 4.14తో వచ్చిన ఈ సదుపాయంలో 1 నుంచి 15 వరకు స్థాయిలున్నా, డిఫాల్టుగా ఉండే 3 దాటి వెళ్లవలసిన అవసరం మాకు కలగలేదు. పై స్థాయిలలో రాత బాగా నెమ్మదిస్తుంది, మిగిలే చోటు మాత్రం ఆ మేరకు పెరగదు.

ఎక్కువ చోటు మిగిలింది అంచులన్నీ తెల్లగా ఉండే, కంప్రెస్ చేయని టిఫ్ స్కాన్లలో. నిష్పత్తి చూస్తే మాత్రం తెలుగు సాదా టెక్స్టే ముచ్చటగొలుపుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వంటివాటికి) 3 బైట్లు పడతాయి కనుక, పెళ్లి పత్రిక నెత్తిన వేసే ‘శ్రీ’ ఒక్కటే 4 సంకేతాలుగా విడిపోయి 12 బైట్లు తీసుకుంటుంది. అయితే ఆ మూడేసి బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి కావడం వల్ల, ఇంత పునరుక్తి ఉన్న ఫైలు ఇట్టే కుదించుకుపోతుంది. జేపెగ్ ఫోటోలు, డీఓసీఎక్స్ ఫైళ్లు ముందే కంప్రెస్ అయినవి కాబట్టి వాటి దగ్గర లాభం ఆశించకూడదు.

ఫలితాన్ని, ఫైళ్ల జాబితాను ఇచ్చే ఆదేశమైన ‘ఎల్‌ఎస్’ చూపే సైజులతో అంచనా వేయడం కుదరదు, అది అసలు సైజునే చూపుతుంది. ‘కాంప్‌సైజ్’ అనే చిన్న సాధనం నిజంగా డిస్కు మీద పట్టిన చోటును చెబుతుంది.

నాకు నచ్చనిది పాత ఫైళ్ల వ్యవహారం. కంప్రెషన్ కోసం ఇచ్చే మౌంట్ ఆప్షన్ (డిస్కును సిస్టంకు జోడించేటప్పుడు ఇచ్చే సూచన) ఆ తర్వాత రాసే డేటాకే వర్తిస్తుంది. పాతవాటిని కంప్రెస్ చేయాలంటే ముక్కలైన ఫైళ్లను ఒకచోట కూర్చే డీఫ్రాగ్మెంట్ ఆదేశంతో తిరగరాయించాలి, అలా చేస్తే, ఒకానొక సమయంలో ఫైళ్లున్న స్థితిని పట్టి ఉంచే స్నాప్‌షాట్లతో పంచుకున్న భాగాలు విడిపోయి, చోటు మిగలకపోగా ఇంకా పెరిగే ప్రమాదముంది. అందుకే అక్కరలేని స్నాప్‌షాట్లను తీసేసిన తర్వాతే ఆ పనికి పూనుకోవాలి.

బిల్లుల డేటాబేసును మాత్రం కాపీ-ఆన్-రైట్ (మార్పులను పాత డేటా మీద కాక కొత్త చోట రాయడం) ఆపిన ఫోల్డరులో ఉంచాను. అక్కడ కంప్రెషన్‌తో పాటు చెక్‌సమ్ రక్షణ (డేటా చెడిందేమో పట్టిచ్చే సరిచూపు) కూడా ఉండదు కనుక, దానికి విడిగా రోజూ బ్యాకప్ తీస్తున్నాను.