ప్రీ లాంచ్ ఫ్లాటు కొనేవారికి హెచ్చరిక: నా 40.8 లక్షల లెక్క

హైదరాబాద్ చుట్టుపక్కల ‘ప్రీ లాంచ్’ (అనుమతులు రాకముందే అమ్మే) ధరకు ఫ్లాటు కొనాలని ఆలోచిస్తున్నవారు డబ్బు కట్టే ముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. 2021 చివరలో, సంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వచ్చే ఒక వెంచర్‌లో, 1,200 చదరపు అడుగుల ఫ్లాటు కోసం అడుగుకు 3,400 చొప్పున 40.8 లక్షల రూపాయలు ఒకేసారి చెల్లించాను. అనుమతులున్న పక్క ప్రాజెక్టుల్లో అప్పటికే అడుగు 5,800 పలుకుతోందని ఏజెంటు చెప్పగానే, సంతకం పెట్టిన రోజునే 28.8 లక్షలు మిగిలాయని మురిసిపోయాను. ఇప్పటికీ అక్కడ ఉన్నవి ఒక ప్రహరీ, ఒక రేకుల షెడ్డు మాత్రమే.

నేను వేయవలసిన లెక్క వేరే ఉంది. కట్టడం పూర్తయితే లాభం 28.8 లక్షలు, ఆగిపోతే నష్టం 40.8 లక్షలు. ఈ రెండూ సరితూగాలంటేనే ఇలాంటి వెంచర్లు పదింటిలో దాదాపు ఆరు చెప్పినట్టుగా పూర్తి కావాలి. అంత నమ్మకం పెట్టుకోవడానికి నా చేతిలో బ్రోచరు తప్ప మరే ఆధారమూ లేదు. ఈ లెక్కలో వడ్డీ, అద్దె ఇంకా కలపనే లేదు. అనుమతి రాని ప్రాజెక్టుకు గృహరుణం ఇవ్వలేమని బ్యాంకు చెప్పడంతో, ఊళ్లో పొలం అమ్మిన సొమ్ముకు 12 శాతం వడ్డీతో 12 లక్షల పర్సనల్ లోన్ జోడించాను. నెలకు సుమారు 26,700 చొప్పున అయిదేళ్లు కడితే వడ్డీయే నాలుగు లక్షలు. బ్యాంకు కాదన్న రోజునే ఆగి ఉండవలసింది. రూపాయి ఖర్చు లేకుండా అంతకంటే మంచి సలహా నాకు మరెవరూ ఇవ్వలేదు.

“రిజిస్ట్రేషన్ చేసి ఇస్తున్నాం కదండీ, భయమెందుకు?” అన్న మాట మీరూ వినే ఉంటారు. నాకు రిజిస్టరు చేసింది యూడీఎస్, అంటే విభజించని స్థలంలో కొన్ని గజాల వాటా. ఆ దస్తావేజులో ఫ్లాటు నంబరు లేదు, అంతస్తు లేదు, అప్పగించే తేదీ లేదు. హద్దులు లేని ఆ వాటాను వందలాది సహవాటాదారుల మధ్య నుంచి విడదీసుకోలేను, అమ్మబోతే కొనేవారూ లేరు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం మూడో సెక్షన్ ప్రకారం రెరాలో రిజిస్ట్రేషన్ లేకుండా ఇటువంటి ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే కుదరదు, అమ్మడం సంగతి సరేసరి. పదమూడో సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. నేను నూటికి నూరు శాతం ఇచ్చాను. రెరాలో నమోదైన ప్రాజెక్టయితే కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. నమోదే లేనిచోట అటువంటి ఖాతా ఉండదు కనుక, నా డబ్బు ఏ స్థలానికి అడ్వాన్సుగా వెళ్లిందో అడిగే దారి కూడా లేకపోయింది. నిజానికి నాకు దక్కిన తగ్గింపు, పూచీ లేకుండా నేనిచ్చిన అప్పుకు బిల్డరు ముందే చూపించిన వడ్డీ.

మరొక పొరపాటు కూడా చెప్పాలి. డబ్బు వాపసు ఇవ్వమని ఒత్తిడి చేయగా 2023లో బిల్డరు ఒక చెక్కు ఇచ్చి, “చెప్పేదాకా బ్యాంకులో వేయకండి” అన్నారు. నేను ఆగాను. చెక్కుపై ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లోగా దాన్ని బ్యాంకులో వేయాలి. బౌన్సయితే కేసు వేయడానికి, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవారికి నోటీసు ఇవ్వాలి. నా చెక్కు బీరువాలోనే చెల్లకుండా పోయింది.

ఇప్పుడు రెరా అథారిటీలో నా ఫిర్యాదు నడుస్తోంది. వాపసు ఉత్తర్వు వచ్చినా బిల్డరు చెల్లించకపోతే దాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించుకోవాలి, అందుకు మళ్లీ కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరగవలసిందే. అదే వెంచర్‌లో డబ్బు కట్టినవారెవరైనా ఇంకా ఎదురుచూస్తూ ఉంటే, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశాలు ఈరోజే భద్రపరచుకోండి. మొదటి విచారణలో నన్ను అడిగినవి అవే.