జాగ్రత్త: 179 రూపాయలకు వచ్చిన సస్పెన్స్ నవలలో 16 పేజీలు లేవు

ఫోన్‌లో ప్రకటన చూసి చవగ్గా ఇంగ్లిష్ నవలలు తెప్పించుకునేవాళ్ళు, ముఖ్యంగా పిల్లల కోసం కొనేవాళ్ళు, ఒకసారి ఇది చదవండి. నాకు పోయింది 179 రూపాయలే. కానీ దాని వల్ల మా అక్క కూతురు రెండు వారాలు తనకు ఇంగ్లిష్ రాదని కుమిలిపోయింది. ఆ బాధతోనే రాస్తున్నాను.

మాది నల్లగొండ, అక్కవాళ్ళది దేవరకొండ. పాప జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియంలో పది పూర్తిచేసి, ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చేరింది. ఇంగ్లిష్ అలవాటు కావడానికి ఏదైనా కథల పుస్తకం కావాలని తనే అడిగింది. "దయ్యాలవి వద్దు చిన్నమ్మా, ఎవరు చేసిన్రో ఆఖరుదాకా తెల్వనిది కావాలె" అంది. గడియారం సెంటర్ చుట్టుపక్కల నేను అడిగిన షాపుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయి కానీ టీనేజ్ పిల్లల ఇంగ్లిష్ నవలలు లేవు. ఆ సమయంలోనే ఫోన్‌లో ఒక పేజీ కనిపించింది. పెద్ద షాపుల్లో 450 రూపాయలున్న నవల అక్కడ 179. పార్సిల్ వచ్చాకే డబ్బులు ఇవ్వొచ్చన్నారు. నేరుగా పాప అడ్రస్‌కే పెట్టించాను.

నవల పేరు రాయడం లేదు. తప్పు నవలది కాదు. పైగా ఏ పేజీలు పోయాయో చెప్పి పేరు కూడా చెబితే, చదవబోయేవాళ్ళకు గుట్టు విప్పినట్టవుతుంది. కథ చెప్పేది 17 ఏళ్ళ అమ్మాయి. హాస్టల్లో తన గదిలోనే ఉండే స్నేహితురాలు ఒక రాత్రి కనిపించకుండా పోతుంది. "ఆ రాత్రి నేను మెట్లు దిగలేదు" అని ఈ అమ్మాయి మొదటి నుంచీ అంటూనే ఉంటుంది. ఆ మాట ఎంతవరకు నిజమో మనమే పట్టుకోవాలి. కథ చెప్పే మనిషినే నమ్మడానికి వీల్లేని రకం నవల ఇది. ఆమె అబద్ధమాడుతూ ఉండొచ్చు, భయంతో మరిచిపోయి ఉండొచ్చు, తనకు తానే సర్దిచెప్పుకుంటూ ఉండొచ్చు. ఒకచోట కిటికీ మూసే ఉందంటుంది. వంద పేజీలు పోయాక అదే రాత్రి వానజల్లు మంచం మీద పడిందంటుంది. ఇలాంటివి గుర్తుపెట్టుకుని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ చదవడంలోనే దీని ఆనందమంతా ఉంది. టీనేజ్ పిల్లలకు ఇలాంటి పుస్తకం ఇవ్వాలని ఇప్పటికీ అంటాను. ఎదుటివాళ్ళు చెప్పే మాటలో ఏది దాస్తున్నారో గమనించడం దీనివల్ల అలవాటవుతుంది.

పాప ఎంతో ఇష్టంగా మొదలుపెట్టింది. రోజూ రాత్రి ఫోన్ చేసి అనుమానాలు చెప్పేది. తర్వాత ఒకరోజు నుంచి ఆ పుస్తకం ఊసే లేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "సగం దాటినంక ఏమైందో సమజ్ కాలే చిన్నమ్మా. ఒక్కసారే పోలీసులకు అంతా తెలిసిపోయినట్టుంది. నాకే ఇంగ్లిష్ సరిగ్గ రాదు గదా" అంది. మళ్ళీ చదివిందట. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడోసారి కూడా చదివిందట. అయినా అర్థం కాక, తప్పంతా తనదేనని పుస్తకాన్ని బీరువాలో పెట్టేసింది.

దేవరకొండ వెళ్ళినప్పుడు నేను కూర్చుని చదివాను. నాకూ అక్కడే అడ్డం పడింది. మామూలు నవలైతే పేజీలు పోయాయని వెంటనే అనుమానం వచ్చేది. ఇందులో ఆ అమ్మాయి ముందే "కొన్ని నాకు గుర్తులేవు" అంటుంది కాబట్టి, ఆ ఖాళీ కూడా ఆమె మరుపేనని, రచయిత్రి కావాలనే అలా వదిలిందని నేనూ నమ్మాను. దానికి తగ్గట్టు తెగిన చోట ఒక అధ్యాయం పూర్తయింది, తర్వాతి పేజీలో కొత్తది మొదలైంది. పేజీ నంబర్లు చూద్దామంటే అసలు నంబర్లే లేవు. అడుగు అంచు మరీ లోపలికి కోసేయడంతో అన్నీ కాగితంతో పాటే పోయాయి.

తర్వాత హైదరాబాద్‌లో పని పడితే ఆ పుస్తకం వెంట తీసుకెళ్ళాను. ఎంజీబీఎస్‌లో దిగి కోఠిలోని ఒక పుస్తకాల షాపులో అసలు కాపీ అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. 193 నుంచి 208 దాకా, సరిగ్గా 16 పేజీలు మా దాంట్లో లేవు. ఆ అమ్మాయి మొదటిసారి తన మాట తానే మార్చుకునేది ఆ పేజీల్లోనే. అక్కడే నిలబడి చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప మూడుసార్లు వెతికింది పుస్తకంలో లేనిదాని కోసం.

సరిగ్గా 16 ఎందుకో షాపాయన చెప్పారు. పుస్తకం ఒక్కో పేజీగా అచ్చు కాదు. పెద్ద కాగితం మీద ఎక్కువగా 16 పేజీలు కలిపి అచ్చు వేసి మడతపెడతారు. దాన్ని ప్రెస్సువాళ్ళు ఫారం అంటారు. ఫారాలు వరసగా పేర్చి, వెన్నుకు జిగురు పెట్టి అట్ట అతికిస్తారు. పేర్చేటప్పుడు ఒక ఫారం జారిపోతే 16 పేజీలూ ఒకేసారి పోతాయి. అసలు ప్రచురణలో కూడా ఎప్పుడైనా ఇలా జరగొచ్చు, కానీ షాపుకు తీసుకెళ్తే మార్చి ఇస్తారు. మా దానిలాంటి దొంగ అచ్చులో, అంటే అనుమతి లేకుండా కొట్టిన కాపీలో, సరిచూసేవాళ్ళూ ఉండరు, మార్చి ఇచ్చేవాళ్ళూ ఉండరు.

అమ్మినవాళ్ళకు ఫొటోలు పెట్టి మెసేజ్ చేస్తే వచ్చిన జవాబు నాకు ఇంకా కోపం తెప్పించింది. "ఆ నవల స్టైలే అంత మేడమ్, అర్థం కాకుండా రాస్తారు" అన్నారు. అసలు కాపీతో పోల్చి చూశానని చెప్పాక నా నంబర్ బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. బిల్లు, అమ్మినవాళ్ళ పేరు, అడ్రస్ అడిగారు. నా దగ్గర అవేవీ లేవు. పార్సిల్ కవర్ కూడా అక్క ఎప్పుడో పారేసింది. అందుకే కవర్ దాచుకోండి, తెరిచేటప్పుడు వీడియో తీయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన పేరు, అడ్రస్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అడ్రసే లేని పేజీలో కొంటే వీటిలో ఏదీ మన చేతికి రాదు. తెలిసీ దొంగ కాపీలు అమ్మడం 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం. 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు ఉంది.

పుస్తకం చేతికి రాగానే మొదట పేజీ నంబర్లు చూడండి. ఇలాంటి నవలైతే మొదటి పేజీ నుంచి చివరిదాకా నంబర్లు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూశాకే పిల్లల చేతికివ్వండి. అయిదు నిమిషాల పని. తర్వాత వెనక అట్ట మీద ఉన్న 13 అంకెల పుస్తకం గుర్తింపు నంబర్ ఐఎస్‌బీఎన్‌ను లోపల కాపీరైట్ పేజీలో ఉన్నదాంతో పోల్చండి. ఒకే నవలకు ప్రతి ఎడిషన్‌కూ వేరే నంబర్ ఉంటుంది. మా కాపీలో బయట ఒక నంబర్, లోపల ఇంకో నంబర్. ఒక ఎడిషన్ అట్టను, ఇంకో ఎడిషన్ పేజీలను కలిపి కొట్టేశారన్నమాట. రెండు నంబర్లూ కలిసినంత మాత్రాన అసలుదని నమ్మొద్దు, నంబర్‌ను కూడా కాపీ కొట్టగలరు. అక్షరాలు లావుగా, మసకగా ఉన్నా, కాగితం వెనక వైపు అచ్చు ఇవతలికి కనిపిస్తున్నా, వెన్ను మీద పేరు పక్కకు ఒరిగి ఉన్నా అనుమానించండి.

చవగ్గా కొనొద్దని నేను అనడం లేదు. అందరూ 450 పెట్టలేరు, మేమూ ప్రతిసారీ పెట్టలేం. సెకండ్ హ్యాండ్ పుస్తకం వేరు, దొంగ అచ్చు వేరు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకంలో ఎవరిదో పేరు ఉంటుంది, కాగితం పచ్చబడి ఉంటుంది, కానీ అది ఒకప్పుడు ఎవరో అసలు ధరకు కొన్నది. కొత్తగా మెరుస్తూ సగం కంటే తక్కువకు వస్తున్నదాని దగ్గరే జాగ్రత్తపడండి. కొనలేకపోతే లైబ్రరీలో అడగండి.

ఆ రోజు కోఠిలో అసలు కాపీ కొని, దేవరకొండ వెళ్తున్న తమ్ముడి చేత పంపించాను. ఏ పేజీలు పోయాయో పాపకు చెప్పలేదు, మొదటి నుంచి చదువుకోమన్నాను. మూడో రోజు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, నాకు అప్పుడే సమజైతుండె. పేజీలే లేకుండె."