సెవెర్న్‌డ్రూగా, లీత్ హిల్లా: ఏ బురుజుకు వెళ్తే మేలు?

ఏ అవసరమూ లేకపోయినా, కొండమీద ఠీవిగా కనిపించాలనో ఒకరి జ్ఞాపకం నిలవాలనో కట్టించిన కట్టడాన్ని ఇంగ్లండులో ‘ఫాలీ’ అంటారు. లండన్‌లో ఉండేవారు సెలవురోజున చూసి రాదగినవి అలాంటివి రెండున్నాయి. ఒకటి నగరంలోనే, ఆగ్నేయాన షూటర్స్ హిల్ మీద ఉన్న సెవెర్న్‌డ్రూగ్ కాసిల్. రెండవది నగరాన్ని ఆనుకొని ఉన్న సర్రీ కౌంటీలో, డార్కింగ్ పట్టణానికి దక్షిణాన ఉన్న లీత్ హిల్ టవర్. రెండూ అడవి నడుమ నిలిచినవే, ఎత్తు కూడా ఇంచుమించు 19 మీటర్లే.

కనుచూపు దూరమే లెక్కయితే లీత్ హిల్‌కు పోటీ లేదు. ఆ కొండ ఎత్తు 294 మీటర్లు; 1760లలో రిచర్డ్ హల్ దానిమీద బురుజు కట్టించడంతో శిఖరం వెయ్యి అడుగులు దాటింది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఉత్తరాన లండన్, దక్షిణాన కొండల సందులోంచి సముద్రం కనిపిస్తాయి. 1772లో మరణించిన హల్‌ను ఆ బురుజు కిందనే సమాధి చేశారు. తరువాత పాడుబడిన బురుజును రాళ్లూ కాంక్రీటుతో పూడ్చివేయగా, 1864లో మళ్లీ తెరవబోయినప్పుడు ఆ పూడిక తీయడం కన్నా పక్కన మెట్ల గోపురం కట్టడమే సులువని తేలింది. ఇప్పుడు మనం ఎక్కేది ఆ మెట్లే.

సెవెర్న్‌డ్రూగ్ నుంచి అంత దూరం కనబడదు, కాని దాని కథ మనకు దగ్గరిది. ఆ పేరు సువర్ణదుర్గం అన్న మాటకు ఆంగ్లేయుల నాలుక ఇచ్చిన రూపం. కొంకణ తీరాన మరాఠా నౌకాధిపతి తులాజీ ఆంగ్రే అధీనంలో ఉన్న ఆ కోటను 1755 ఏప్రిల్ 2న ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి విలియం జేమ్స్ పట్టుకున్నాడు. అతడు పోయాక భార్య 1784లో ఈ మూడుపలకల బురుజును కట్టించింది. గుమ్మం మీది శాసనం కోట ‘మలబారు’ తీరాన ఉందని చెబుతుంది. పడమటి తీరమంతటినీ ఆనాటి ఐరోపావారు అలాగే పిలిచేవారు. కంపెనీ విజయాన్ని పొగిడే ఆ వాక్యాలు మనకు మింగుడుపడకపోవచ్చు, అయినా వాటి ఎదుట నిలబడి చదవడమే ఇక్కడికి రావడానికి తగిన కారణమని నా అభిప్రాయం.

అడవుల విషయంలోనూ నేను దీనివైపే మొగ్గుతాను. లీత్ హిల్ వాలుల్లో, చార్లెస్ డార్విన్ అక్క కరోలిన్ నాటించిన రోడోడెండ్రాన్ పూలపొదల తోట మే నెలలో చూడముచ్చటగా ఉంటుంది. అయితే అది మనుషులు పెంచిన అందం. సెవెర్న్‌డ్రూగ్ పక్కనున్న ఆక్స్‌లీస్ వుడ్ వేల ఏళ్ల నాటి ఓక్, హార్న్‌బీమ్ అడవి. దాని గుండా పెద్ద రహదారి వేయాలన్న ప్రభుత్వ పథకం, స్థానికులు ఏళ్ల తరబడి ప్రతిఘటించాక, 1993లో రద్దయింది. మహానగరంలో అలా మిగిలిన అడవిలో నడవడం వేరు.

సెవెర్న్‌డ్రూగ్‌కు ప్రయాణం కూడా తేలిక: బస్సు దిగి కాస్త నడిస్తే చాలు. లీత్ హిల్‌కు కారు లేకపోతే హోమ్‌వుడ్ స్టేషన్‌లో దిగి గంటకు పైగా ఎత్తెక్కాలి కనుక రోజంతా కేటాయించుకోవాలి. చిన్నపిల్లలతో అది కష్టమే. కాబట్టి ఒక్క పూట తీరిక ఉంటే సెవెర్న్‌డ్రూగ్, నడక మీద మక్కువ ఉండి రోజంతా చేతిలో ఉంటే లీత్ హిల్. ఒక్క జాగ్రత్త: సెవెర్న్‌డ్రూగ్ లోపలికి అన్ని రోజులూ అనుమతించరు, తెరిచే రోజు చూసుకోకుండా బయలుదేరితే శాసనం చదివి, అడవి తిరిగి, మెట్లెక్కకుండానే ఇంటికి రావలసి వస్తుంది.