‘800 వాట్ల’ సాఫ్ట్‌బాక్స్ సెట్టు: పైసలు కట్టేముందు జర ఇది చదవండి

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు కొత్తగా స్టూడియో పెట్టుకుంటున్న తమ్ముళ్ల కోసం రాస్తున్న. వాట్సాప్ గ్రూపుల్లో ఒక లైట్ సెట్టు మస్తు తిరుగుతున్నది. రెండు ఎల్ఈడీ లైట్లు, రెండు సాఫ్ట్‌బాక్సులు (వెలుతురును మెత్తగ చేసే గుడ్డ డబ్బాలు), రెండు స్టాండ్లు, బ్యాగు. ‘మొత్తం 800 వాట్స్, సీఆర్ఐ 95 ప్లస్, ధర 11,500 మాత్రమే’. (సీఆర్ఐ అంటే ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగ కనిపిస్తయో చెప్పే అంకె.) హన్మకొండలో మా స్టూడియోకు అదే తెప్పించినం. అమ్మినోని పేరు రాయను, ఫిర్యాదు నడుస్తున్నది. సరుకు ఎట్లుందో మాత్రం చెప్త.

ముందు వాట్ల సంగతి. ఒక్కో లైటు 400 వాట్లన్నడు. మనిషిని కూర్చోబెట్టి 5.6 అపర్చర్, 1/100 షట్టర్ పెడితే ఐఎస్ఓ 800 దాకా పోవాల్సి వచ్చింది, అంటే చెప్పినంత వెలుతురు లేదు. అనుమానమొచ్చి కరెంటు మీటరు దగ్గరికి పోయిన. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు కొట్టుకుంటుంటది చూడండి, ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు కొట్టుకుంటదో మీటరు మీదనే అచ్చేసి ఉంటది. మాదాని మీద 3200 అని ఉంది. ఫ్యాన్లు, ఏసీ, కంప్యూటర్ అన్నీ బంద్ చేసి, ఈ ఒక్క లైటే ఫుల్ పెట్టి నిలబడ్డ. నిజంగా 400 వాట్లయితే నిమిషానికి 21 సార్లు కొట్టుకోవాలె. ఇది నాలుగే కొట్టింది. నాలుగుని 60తో గుణించి 3200తో భాగిస్తే 0.075 కిలోవాట్లు, అంటే 75 వాట్లు! ఫోన్ చేసి అడిగితే, ‘అది ఈక్వలెంట్ అన్నా, పాత బల్బు లెక్కల 400’ అంటడు. డబ్బా మీద ఆ మాట ఎక్కడా లేదు.

వాట్లు తక్కువైతే లైటు దగ్గరికి జరుపుకొని ఎట్లనో నడిపియ్యొచ్చు. రంగు పోతే ఏం చేస్తం? ఒక ఓణీల ఫంక్షన్ పోర్ట్రెయిట్లు దీనికింద తీసినం. ఎర్ర పట్టు ఓణీ ఇటుక రంగుకు తిరిగింది, బొట్టు గోధుమ రంగయింది, పసుపు రాసిన చెంపలు ఆకుపచ్చ కొట్టినయి. గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగనే కనిపించేటట్టు చేసే కెమెరా సెట్టింగ్) సరిచేసినా ముఖం మీది ఆకుపచ్చ ఛాయే పోయింది గానీ ఎరుపు తిరిగి రాలే. లైటులోనే లేని రంగును కెమెరా ఎక్కడి నుంచి తెస్తది?

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. సీఆర్ఐ అని చెప్పే అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ సగటులో లేనేలేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తరు. సీఆర్ఐ 80 ఉన్న లైటుకు ఆర్9 సున్నా దగ్గర ఉండుడు మామూలే. మన చామనఛాయ ముఖాలకు, కుంకుమకు, పెళ్లిచీరకు కావాల్సింది ఆ ఎరుపే. అందుకని అమ్మేటోన్ని ‘ఆర్9 ఎంత?’ అని అడగండి. నీళ్లు నమిలితే అక్కడికి ఆపేయండి. షాపుకు పోతే ఒక ఎర్ర గుడ్డ వెంట తీస్కపోయి, ఎండలో ఒక ఫోటో, ఆ లైటు కింద ఒక ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఫ్లికర్ ఇంకో తలనొప్పి. మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్, చవక డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) ఉన్న లైటు సెకనుకు 100 సార్లు మినుక్కుమంటది. 1/50, 1/100 షట్టర్‌లో తెలియదు. 1/200కు పోంగనే, ముఖ్యంగా సైలెంట్ షట్టర్‌లో, ఫోటో మీద అడ్డంగా చారలు. లైటును సగానికి తగ్గిస్తే చారలు ఇంకా ముదిరినయి. డెమో వీడియోల ఎప్పుడూ ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే చూపెడుతరు, మీరు తగ్గించి, ఫోన్‌ల స్లో మోషన్ పెట్టి చూడండి. (ఫ్లాష్‌తో 1/200, 1/250 దాటినంక వచ్చే నల్ల పట్టీ వేరే, అది సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ గరిష్ఠ వేగం) సంగతి. దానికి లైటును తిట్టొద్దు.)

స్టాండు గురించి ఎక్కువ చెప్ప. సాఫ్ట్‌బాక్స్ తగిలించి వంచితే ప్లాస్టిక్ నాబు మర పోయి, లైటు మెల్లగ తల వంచుకుంట కిందికి దిగింది. కింద నెలల పాప పడుకొని ఉన్నది. వాళ్ల నాయన చేయి అడ్డం పెట్టిండు గాబట్టి సరిపోయింది.

వాపస్ తీసుకోమంటే ‘డబ్బా విప్పినవ్ కదా’ అన్నడు. విప్పకుండ లైటు ఎట్ల చూస్తరో ఆయనకే తెలియాలె. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ పంపిండు. దాని మీదున్న జీఎస్టీ నంబరు జీఎస్టీ పోర్టల్‌ల కొడితే దొరకలే. నంబరు 15 అక్షరాలుంటది, తెలంగాణ వ్యాపారిదైతే 36తో మొదలైతది. పైసలు కొట్టకముందే ఉచితంగా చూసుకోవచ్చు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తే, ‘స్టూడియో బిజినెస్‌కు కొన్నవ్, నువ్వు కన్జ్యూమర్ కాదు’ అని అమ్మినోడు కొత్త పాట ఎత్తుకున్నడు. భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సొంతంగా పనిచేసుకొని బతుకుదెరువు కోసం కొన్నోడు కూడా వినియోగదారుడే. అమ్మినోడు హైదరాబాద్‌ల ఉన్నా, ఢిల్లీల ఉన్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే కేసు వేయొచ్చు, రెండేండ్ల లోపల. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. డబ్బా, చీటీ, వాట్సాప్ మాటలు, పైసలు పంపిన స్క్రీన్‌షాట్ దేన్నీ పారేయొద్దు. మీటరు వీడియో కూడా తీసి పెట్టుకోండి, మాకు అదే గట్టిగ పనికొస్తున్నది.

ఇప్పుడు అదే సెట్టు కొత్త స్టిక్కరుతో, ‘1000 వాట్స్, దసరా ఆఫర్’ అని తిరుగుతున్నది. నీలం బ్యాగు, స్టాండుకు ఎర్ర నాబులు, లైటు వెనక ఒకటే గుండ్రటి డిమ్మరు. ఫోటో కనిపిస్తే గుర్తుపట్టండి.