ఒసాకా దాకా వెళ్లి ఒసాకాను చూడని సినిమా

‘బ్లాక్ రెయిన్’ చూడాలని నేను కూర్చున్నది కెన్ తకకురా కోసం. 1960లలో యకూజా (జపాన్ నేర ముఠాల) చిత్రాలతో జపాన్‌ను ఊపేసిన ఆ నటుడు ఇందులో పోలీసు. దర్శకుడు రిడ్లీ స్కాట్, విడుదల 1989. ఎంతో ఆశపడ్డాను. చివరికి మనసు చివుక్కుమంది.

న్యూయార్క్ డిటెక్టివ్‌లు నిక్ (మైకేల్ డగ్లస్), చార్లీ (ఆండీ గార్సియా) సాటో అనే హంతకుణ్ణి అప్పగించడానికి ఒసాకా వస్తారు. పోలీసు వేషాల్లో వచ్చిన ముఠావాళ్లు జపనీస్ కాగితం మీద సంతకం పెట్టించుకుని అతణ్ణి తీసుకుపోతారు. ఎంత చక్కటి ఆరంభం! పరాయి దేశంలో డిటెక్టివ్‌కు అక్షరం రాదు, అధికారం లేదు. ఎదురుగా ఉన్న ఆధారాన్నయినా వేరొకరు చదివి చెప్పాలి. కథ తవ్వుకోవలసిన చోటు అదే. సినిమా మాత్రం దాన్ని త్వరగా మరిచిపోతుంది. నిక్ గొంతు పెంచితే చాలు, దారి దొరుకుతుంది. అమెరికన్ యువతి జాయిస్ పాత్రకు కావలసిన సంగతులు అందించడం తప్ప పనే లేదు.

నూడుల్స్ తింటూ ఇద్దరు పోలీసులు మాట్లాడుకునే సన్నివేశం ఒకటుంది. డబ్బు తీసుకున్నానని నిక్ ఒప్పుకుంటాడు. దొంగతనం దొంగతనమేనని తకకురా పాత్ర మత్సుమోతో అంటాడు. గొంతు పెంచడు, నీతులు చెప్పడు. ఆ ముఖంలోని నొప్పి చూశాక, ఈ కథ మొత్తం అతని వైపునుంచి చెప్పి ఉంటే అని ఎంత అనిపించిందో! సినిమా అతణ్ణి తీసుకెళ్లి నిక్ దూకుడుకు తోడుగా నిలబెట్టింది.

ఇంకో బాధ. యకూజా పెద్ద సుగాయి, చిన్నప్పుడు అమెరికా బాంబుదాడి తర్వాత కురిసిన నల్లటి వాన గురించి చెబుతాడు. సాటో లాంటివాళ్లను తయారుచేసింది మీరేనని అమెరికన్ ముఖం మీదే అంటాడు. పేరుకు మూలమైన ఆ మాటకు సినిమాలో ఎవరూ జవాబివ్వరు. తర్వాత తుపాకులు, మోటారు సైకిళ్లు. ఆ పతాక పోరాటాన్ని తీసింది కూడా కాలిఫోర్నియాలోని నాపా లోయలో.

రాత్రిపూట నియాన్ దీపాల ఒసాకా అద్భుతంగా ఉంది, కాదనను. సాటోగా యుసాకు మత్సుదా చూపు ఇప్పటికీ నన్ను వదలడం లేదు. క్యాన్సర్‌ను దాచిపెట్టి ఈ పాత్ర చేశారాయన. అదే ఏడాది నవంబరులో, 40వ ఏట కన్నుమూశారు. ఐదుకు నేను రెండిస్తున్నాను. ఒకటి తకకురాకు, ఒకటి ఆయనకు.